సినెక్డకీకీ మెటానమీకీ తేడా ఎట్లా పట్టుకోవాలి?

జెరాక్స్ షాపు అమ్మాయి, తిరుపతి

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీలో స్పెషల్ ఇంగ్లిష్ తీసుకుని, బీఎడ్ చేసి, ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకి చదువుకుంటున్నాను. సాయంత్రం 4 నుంచి 9 దాకా బాలాజీ కాలనీలో ఒక జెరాక్స్ షాపులో పని. హాస్టల్ ఫీజు అందులోంచే కట్టుకోవాలి.

మొన్న ఆదివారం కోచింగ్‌లో మాక్ టెస్టు పెట్టారు. ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ నుంచి 12 ప్రశ్నలు వస్తే నాకు 4 రైటయ్యాయి. ఆ 4లో ఒకటి కళ్ళు మూసుకుని పెట్టింది. ‘ది పెన్ ఈజ్ మైటియర్ దాన్ ది సోర్డ్’ అన్న వాక్యానికి నేను మెటఫర్ అని పెట్టాను. నా పక్కమ్మాయి పర్సానిఫికేషన్ పెట్టింది. కీలో మెటానమీ అని ఉంది. ఎందుకు సార్ అని అడిగితే ‘డెఫినిషన్ బట్టీ పట్టమ్మా, అదే వస్తుంది’ అన్నారు. బట్టీ పట్టాను. సినెక్డకీ అంటే ఏమిటని నిద్రలో లేపి అడిగినా ‘పార్ట్ ఫర్ ది హోల్’, మొత్తానికి బదులు ముక్క, అని చెప్తాను. కానీ వాక్యం ఎదురుగా కనిపిస్తే అందులో పార్టు ఏదో హోల్ ఏదో అర్థం కావడం లేదు. పరీక్ష దగ్గర పడేకొద్దీ ఒకటే టెన్షన్.

ఇంకో విషయం, సిగ్గుపడుతూనే చెప్తున్నాను. క్లాసులో చదవమంటే సినెక్డకీని ‘సినెక్‌డోచ్’ అని చదివాను. అందరూ ఘొల్లున నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మందికి అదెట్లా పలకాలో తెలియదు, అది వేరే సంగతి.

నాకు టెన్త్‌లో నేర్చుకున్న తెలుగు అలంకారాలు బాగా గుర్తున్నాయి. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, అతిశయోక్తి, శ్లేష, అన్నీ లక్షణాలతో సహా చెప్పగలను. ఒక్కో ఇంగ్లిష్ పేరుకీ ఒక్కో తెలుగు పేరు జోడించి చదివితే సరిపోతుందా? మెటానమీకి తెలుగులో ఏమంటారో పుస్తకమంతా వెతికాను, దొరకలేదు.


మదనపల్లె కుర్రోడు

అక్కా, ఇంత ఆలోచన ఎందుకు? ‘లైక్’ గానీ ‘యాజ్’ గానీ కనబడితే సిమిలీ. అవి లేకుండా పోలిస్తే మెటఫర్. వస్తువు మనిషిలాగా చేస్తే పర్సానిఫికేషన్. ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ వస్తే అలిటరేషన్. సగం ప్రశ్నలు వీటిమీదే వస్తాయి. మిగతావి వదిలెయ్. ఒకటి రెండు మార్కులు పోతే పోనీ.


గల్లాపెట్టె మాస్టారు, తిరుపతి

ఆ ఒకటి రెండు మార్కుల దగ్గరే పోస్టు పోతుంది అబ్బాయ్. 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లిష్ చెప్పినవాణ్ణి, పోగొట్టుకున్న పిల్లలను చూశాను.

అమ్మాయ్, నేను రిటైరయ్యాక రైల్వే స్టేషన్ దగ్గర సందులో మా అల్లుడి హోటల్లో గల్లాపెట్టె ముందు కూర్చుంటున్నాను. ‘ఇంట్లో రెస్టు తీసుకో నాయనా’ అంటుంది నా కూతురు. ఇక్కడ దొరికే కాలక్షేపం ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది? మెటానమీ, సినెక్డకీ, మెటఫర్, ఈ మూడూ నాకు పొద్దున టిఫిన్ టైములోనే వినబడతాయి.

ఏడు గంటల రద్దీలో సర్వర్ కుర్రాడు వంటింటివైపు తిరిగి అరుస్తాడు. ‘నాలుగో టేబులు నెయ్యి దోసె అడిగి పావుగంటయింది, కోప్పడతా ఉంది!’ టేబులు దోసె తింటుందా? కోప్పడుతుందా? కోప్పడేది అక్కడ కూర్చున్న పెద్దాయన. ఆయనకూ టేబుల్‌కూ పోలిక ఏమైనా ఉందా అంటే, ఏమీ లేదు. ఆయన దానిముందు కూర్చున్నాడు, అంతే. ఆ పాటి సంబంధంతో టేబుల్ పేరు ఆయనకు వచ్చేసింది. ఇది మెటానమీ.

కొండ దిగిన బస్సు ఆగిందంటే అదే కుర్రాడు, ‘అన్నా, అయిదు గుండ్లు వచ్చినాయి, పెద్ద టేబుల్ తుడువు’ అంటాడు. గుండు మనిషి పక్కనుండే వస్తువు కాదు, మనిషి ఒంట్లో ముక్క. ఆ ముక్క పేరు చెప్తే మొత్తం మనిషి వచ్చి కూర్చుంటాడు. ఇది సినెక్డకీ. (యాత్రికులకు వినబడేలా అనొద్దని ఎన్నిసార్లు చెప్పానో! అయినా అంటాడు.)

మూడోది మా అల్లుడి గురించే, నేను వినడం లేదనుకుని అంటారు. ‘పులి వస్తా ఉంది, ఫోన్లు లోపల పెట్టండ్రా.’ మా అల్లుడికీ పులికీ సంబంధం ఏమీ లేదు. ఊళ్ళో జూ పార్కు ఉన్నా ఇంతవరకూ పిల్లలను తీసుకుపోలేదు. కానీ పోలిక ఉంది, గాండ్రిస్తాడు. ఇది మెటఫర్.

కాబట్టి వాక్యం కనిపించగానే డెఫినిషన్ గుర్తు చేసుకోకు. ఒక మాట చోట ఇంకో మాట వచ్చి కూర్చుంది కదా, అది ఏ చుట్టరికంతో వచ్చిందో అడుగు. పోలికా, పొత్తా, ముక్కా? పోలికైతే మెటఫర్, పొత్తైతే మెటానమీ, ముక్కైతే సినెక్డకీ.

ఇప్పుడు నీ పెన్ను దగ్గరికి వద్దాం. 1839లో బుల్వర్ లిట్టన్ అనే ఇంగ్లిష్ రచయిత ఒక నాటకంలో రాసిన వాక్యం అది. పెన్ను అంటే రాత, కత్తి అంటే బలప్రయోగం. పెన్ను రాతను పోలి ఉంటుందా? ఉండదు. రాతలో ముక్కా? కాదు. రాసే పనిముట్టు. పొత్తు. నీ పక్కమ్మాయి ‘మైటియర్’ అన్న మాట చూసి పర్సానిఫికేషన్ అనుకుని ఉంటుంది. బలం మనుషులకే ఉండాలని ఎక్కడుంది? ఎనుముకూ ఉంటుంది.

‘ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్’ ఇస్తే మాత్రం ముక్క. చేతులంటే ఓడలో పనివాళ్ళు. మన ఇళ్ళల్లోనూ ‘తినే నోళ్ళు ఆరు, సంపాదించే చేతులు రెండు’ అంటాం కదా, రెండూ సినెక్డకీలే. ఒకసారి క్లాసులో ఈ వాక్యం బోర్డు మీద రాస్తే వెనకబెంచీ వాడొకడు లేచి ‘సార్, రెండు చేతులంటే ఒక మనిషా ఇద్దరా?’ అన్నాడు. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఒక్క చోట జాగ్రత్త. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో ఆంటొనీ జనాన్ని ‘లెండ్ మీ యువర్ ఇయర్స్’ అంటాడు. చెవి ఒంట్లో ముక్కే కాబట్టి సినెక్డకీ అనాలనిపిస్తుంది. కానీ ఆయన అడిగేది మనుషులను కాదు, వాళ్ళు కాసేపు వినడాన్ని. చెవికీ వినికిడికీ ఉన్నది పొత్తు. అందుకని నేను మెటానమీ అంటాను. సినెక్డకీ అని వేసిన పుస్తకాలూ ఉన్నాయి. అసలు సినెక్డకీ కూడా మెటానమీలో ఒక రకమే అనే పండితులున్నారు. ఆప్షన్లలో రెంటిలో ఒకటే ఇస్తే అది పెట్టి ముందుకు పో. అక్కడ కూర్చుని వాదించుకుంటే టైము పోతుంది.

అబ్బాయ్, నువ్వు చెప్పిన లైక్, యాజ్ చిట్కా సగమే పనిచేస్తుంది. ‘మా తమ్ముడు మా నాయనంత పొడుగున్నాడు’ అని ఇంగ్లిష్‌లో చెప్తే యాజ్ రెండుసార్లు వస్తుంది. అది సిమిలీ కాదు, కొలత. జాతి వేరైన రెంటిని పోలిస్తేనే సిమిలీ. తమ్ముడు తాటిచెట్టంత పొడుగున్నాడను, ఒప్పుకుంటాను.

సిమిలీ నుంచి మెటఫర్‌కి ఎప్పుడు దాటుతామో తెలియాలంటే మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడు. దొర వేషం వేసుకుని పోయేవాణ్ణి చూసి ‘దొరలాగా ఉన్నాడే’ అంటే సిమిలీ. కానీ జాతరలో అట్లా ఎవరంటారు? ‘దొర వచ్చినాడు, జరగండి’ అంటారు. ఆ ‘లాగా’ రాలిపోయిన క్షణమే మెటఫర్. ఆ గ్రీకు మాటకు అర్థం అటునుంచి ఇటు మోసుకురావడం. గ్రీసు దేశంలో సామాను మోసే లారీల మీద ఇప్పటికీ ‘మెటఫోరెస్’ అని రాసి ఉంటుంది. రవాణా అని అర్థం.

ఇక పలకడం. సి-నెక్-డ-కీ. ‘నెక్’ దగ్గర ఒత్తు. అతిశయోక్తికి ఇంగ్లిష్ పేరు కూడా హైపర్‌బోల్ కాదు, హై-పర్-బ-లీ. నవ్వితే నవ్వనీ తల్లీ. సర్వీసులో చేరిన కొత్తలో నాలుగేళ్ళు నేను హైపర్‌బోల్ అనే చెప్పాను, పిల్లలు అట్లాగే నేర్చుకున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఇంగ్లిష్ టీచర్లు. ఆ పాపం నా ఖాతాలోదే.


తెలుగు ఎమ్మే, చిత్తూరు

మాస్టారు గారికి నమస్కారం. టేబుల్ ఉదాహరణ రేపే మా పిల్లలకు చెప్తాను. అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నకు నేను చెప్తాను, నాది తెలుగు కాబట్టి.

చెల్లీ, ఒక్కోదానికి ఒక్కోటి జోడించి బట్టీ పట్టొద్దు. కొన్ని బాగా అతుకుతాయి. ఉపమలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం అని చదువుకున్నావు కదా. ఐ. ఎ. రిచర్డ్స్ అనే ఇంగ్లిష్ విమర్శకుడు 1936లో మెటఫర్‌ను విడదీసి టెనర్, వెహికిల్ అని పేర్లు పెట్టాడు. టెనర్ మన ఉపమేయం, అంటే దేన్ని పోలుస్తామో అది. వెహికిల్ మన ఉపమానం, అంటే దేనితో పోలుస్తామో అది. మనవాళ్ళు ఆ పని ఎన్నో వందల ఏళ్ళ ముందే చేసి పెట్టారు, పేర్లు మాత్రం నువ్వు మళ్ళీ నేర్చుకోవాలి.

కానీ ఉత్ప్రేక్ష దగ్గర అతకదు. తిరుమల కొండ మీదికి మబ్బు దిగితే ‘కొండకు ఎవరో దుప్పటి కప్పారా అన్నట్టుంది’ అంటాం. మనకది ఉత్ప్రేక్ష. ఇంగ్లిష్‌లో దానికి విడిగా పేరు పెట్టుకోలేదు, ‘యాజ్ ఇఫ్’ అని చెప్పి సిమిలీలోనే కలిపేస్తారు.

మెటఫర్ అంటే రూపకమే అనుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. ‘మా అల్లుడు పులి’ అంటే రూపకం, అల్లుడూ ఉన్నాడు, పులీ ఉంది. మాస్టారి హోటల్లో అన్నది ‘పులి వస్తా ఉంది’. అల్లుడు మాయమైపోయాడు, పులి ఒక్కటే మిగిలింది. ఉపమేయాన్ని ఉపమానం మింగేసింది. దీన్ని మన లాక్షణికులు రూపకాతిశయోక్తి అన్నారు. ఇంగ్లిష్‌లో రెండూ మెటఫరే. పేరులో అతిశయోక్తి ఉంది కదా అని హైపర్బలీ పెట్టావంటే మార్కు పోయినట్టే.

మెటానమీ నీకు ఎందుకు దొరకలేదంటే, నువ్వు అలంకారాల పాఠంలో వెతికావు. మనవాళ్ళు దాన్ని అక్కడ పెట్టలేదు, శబ్దశక్తుల్లో, అంటే మాట అర్థాన్నిచ్చే తీరుల్లో, ‘లక్షణ’ అనే చోట పెట్టారు. ‘గంగాయాం ఘోషః’ అన్నది అక్కడ అందరూ ఇచ్చే ఉదాహరణ. గంగలో గొల్లపల్లె ఉంది అని. పల్లె నీళ్ళలో ఎట్లా ఉంటుంది? గంగ ఒడ్డున ఉందని అర్థం. ఒడ్డుకు గంగ పేరు పక్కనుండడం వల్ల వచ్చింది. నాలుగో టేబులు కూడా ఇదే కథ.

ఈ రెండు సాహిత్యాలనూ పక్కపక్కన పెట్టి చూసే పని మన ఊరాయన ఎప్పుడో మొదలుపెట్టాడు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివొచ్చి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వేశారు. కట్టమంచి ఇప్పుడు చిత్తూరు టౌన్లోనే ఉంది.


జెరాక్స్ షాపు అమ్మాయి, తిరుపతి

మాస్టారూ, అక్కా, ఇద్దరికీ దండాలు. రాత్రి షాపు మూశాక మళ్ళీ మళ్ళీ చదివాను. ఇప్పుడు నేను కొన్ని చెప్తాను, తప్పులుంటే దిద్దండి.

కొండ మీద క్యూలో ‘మూడు వందల టికెట్లు ఈ పక్క రండి’ అంటారు. రావాల్సింది టికెట్లు కాదు, 300 టికెట్టు కొన్న మనుషులు. పొత్తు, మెటానమీ. ‘వాడు తక్కువోడేం కాదు’ అంటే ఘటికుడని. లేదు, కాదు అంటూనే ఉందని చెప్పడం కాబట్టి లైటటీజ్. ‘కాళ్ళరిగేలా తిరిగినాను’ హైపర్బలీ. ‘ఏడుకొండలవాడా’ అన్నది మాత్రం ఏమనాలో తెలియలేదు. అనాఫరా, ఎపిస్ట్రఫీ, కయాజ్మస్, జూగ్మా, ఇవి పేర్లు వింటేనే భయం. డ్రమాటిక్ ఐరనీ అంటే నాటకంలో వచ్చే ఐరనీ అని రాసుకున్నాను, కరెక్టేనా?


గల్లాపెట్టె మాస్టారు, తిరుపతి

మొదటి మూడూ కరెక్టు. ఏడుకొండలవాడు అన్నది పేరు చెప్పకుండా గుర్తుతో చెప్పడం, వడ్డికాసులవాడన్నా అంతే. దాన్ని ఆంటనమేజియా అంటారు, మెటానమీకి దగ్గర చుట్టం. చివర ఆ దీర్ఘం పెట్టి ‘వాడా!’ అని పిలిచావు చూడు, ఎదురుగా లేనివాణ్ణి ఉన్నట్టు పిలవడం, అది అపాస్ట్రఫీ. కామాలాగా పైన పెట్టే గుర్తుకూ అదే పేరు. ఆ రెంటినీ కలిపి తికమక పెట్టే ప్రశ్నలు వస్తాయి, చూసుకో. మదనపల్లె అబ్బాయికి తెలిసే ఉండాలి, 1919లో టాగూర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనకు ఇంగ్లిష్ అనువాదం చేశారు. ఆ గీతమంతా భాగ్యవిధాతను పిలవడమే, అంటే అపాస్ట్రఫీ. పంజాబు, సింధు, గుజరాతు అని నేల పేర్లు చెప్తే అక్కడి మనుషులు పలుకుతారు, అది మెటానమీ. పొద్దున ప్రేయర్లో నిలబడి పాడే పాటలో రెండు జవాబులున్నాయి.

ఆ నాలుగు భయంకరమైన పేర్లూ మాటలను ఏ వరసలో పెట్టామన్నదాని మీద వచ్చినవి, పోలికతో, పొత్తుతో పని లేదు. వాక్యాల మొదట్లో ఒకే మాట తిరిగొస్తే అనాఫరా. 1940 జూన్ 4న చర్చిల్ ‘వి షల్ ఫైట్’ అంటూ వరస పెట్టాడు, 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ ‘ఐ హావ్ ఎ డ్రీమ్’ అంటూ పెట్టాడు. చివర్లో తిరిగొస్తే ఎపిస్ట్రఫీ. 1863లో లింకన్ గెటిస్‌బర్గ్‌లో అన్న ‘ఆఫ్ ది పీపుల్, బై ది పీపుల్, ఫర్ ది పీపుల్’ తీసుకో, మూడుసార్లూ పీపుల్ చివరే ఉంది. కయాజ్మస్ అంటే తిరగేయడం. ‘బతకడానికి తినాలా, తినడానికి బతకాలా’ అంటారే, అది. అవే మాటలు తిరగబడితే దానికి యాంటిమెటబలీ అని ఇంకో పేరుంది, కెన్నెడీ 1961లో దేశం నీకేం చేస్తుందని కాదు, నువ్వు దేశానికేం చేస్తావని అడుగు అన్నది దానికే ఇస్తారు. జూగ్మా అంటే ఒకే క్రియకు రెండు పొంతన లేని కర్మలు తగిలించడం. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చెరువులో ఈతకు పోయి దొరికిపోయిన రోజు, మా నాయన దగ్గర తిట్లూ మా అమ్మ దగ్గర సంగటీ తిన్నాను. అది జూగ్మా.

డ్రమాటిక్ ఐరనీకి నువ్వు రాసుకున్నది తప్పు. కథలో కూడా రావచ్చు, సినిమాలో కూడా. చూసేవాళ్ళకు తెలిసింది పాత్రకు తెలియకపోవడం అది. నీది పలమనేరు పక్క కదా, ద్రౌపదమ్మ గుడి దగ్గర 18 రోజులు భారతం పెడితే చూసే ఉంటావు. పగలు హరికథ, రాత్రి నాటకం. కీచక వధ రోజు గుర్తు తెచ్చుకో. పూలచెండు చేతికి చుట్టుకుని, మీసం దువ్వుకుంటా, పద్యం పాడుకుంటా కీచకుడు నర్తనశాలకు పోతాడు. ముసుగు కప్పుకుని కూర్చున్నది ద్రౌపది అని వాడు అనుకుంటాడు. భీముడని చాపల మీద కూర్చున్న ఊరందరికీ తెలుసు, నిద్రపోయే చంటిబిడ్డలకు తప్ప. వాడు ‘ఎంత సుకుమారమో’ అని చేయి పట్టుకోబోతాడు, జనం పడీ పడీ నవ్వుతారు. మా ఊళ్ళో ఒక ముసలావిడ ప్రతి ఏడూ అదే చోట లేచి ‘పోరా, పో, నీకుందిలే ఇయాళ’ అని అరిచేది. వాడి ‘సుకుమారం’ అన్న మాటకు వాడి మనసులో ఒక అర్థం, మన మనసులో ఇంకో అర్థం. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీ పేరే డ్రమాటిక్ ఐరనీ.

వెర్బల్ ఐరనీకి ఇంత కథ అక్కర్లేదు. నేను లేటుగా వచ్చిన రోజు మా అల్లుడు ‘అప్పుడే వచ్చేశారే మామయ్యా’ అంటాడు. అందులో ముల్లు కూడా ఉంటే సర్కాజం. ఉందో లేదో నేను ఇంకా తేల్చుకోలేదు.


మదనపల్లె కుర్రోడు

మాస్టారూ, టాగూర్ సంగతి తెలుసు గానీ అందులో అపాస్ట్రఫీ ఉందని తెలియదు. లైక్, యాజ్ చిట్కా వెనక్కి తీసుకుంటున్నాను. ఆక్సిమొరాన్‌కీ పారడాక్స్‌కీ ఏమిటి తేడా? రెండూ ఒకటే కదా?


తెలుగు ఎమ్మే, చిత్తూరు

సైజు తేడా తమ్ముడూ. పడని రెండు మాటలు పక్కపక్కన అంటుకుంటే ఆక్సిమొరాన్, రోమియో జూలియెట్‌లో ‘స్వీట్ సారో’ లాగా. మొత్తం వాక్యం మొదట అబద్ధంలా వినబడి ఆలోచిస్తే నిజమైతే పారడాక్స్. ‘ఎంత చదివితే అంత తెలియదని తెలుస్తుంది’ అంటారే, అట్లాంటిది. మనకు రెంటికీ విరోధాభాసే.


జెరాక్స్ షాపు అమ్మాయి, తిరుపతి

రెండు వారాలయ్యాక వస్తున్నాను. నిన్న మళ్ళీ మాక్ టెస్టు. ఈసారి 12కి 9 వచ్చాయి. పోయిన మూడింట్లో రెండు నా తప్పే, అసోనెన్స్‌కీ కాన్సొనెన్స్‌కీ తడబడ్డాను, తిరిగొచ్చేది అచ్చులో హల్లులో చూసుకోకుండా పెట్టేశాను.

మూడోది మాత్రం నేను ఒప్పుకోను. ‘ది కెటిల్ ఈజ్ బాయిలింగ్’ అని ఇచ్చారు. నేను మెటానమీ పెట్టాను, కీలో పర్సానిఫికేషన్ అని ఉంది. మరిగేది కెటిల్ కాదు, లోపలి నీళ్ళు. మనుషులు చేసే పని కూడా కాదు. మా అమ్మ ‘పాలగిన్నె పొంగిపోయింది’ అంటుంది కదా, అట్లాగే అనుకున్నాను. సార్‌తో అంటే ‘కీ అంటే కీయే’ అన్నారు. మాస్టారూ, నాదే తప్పా?


గల్లాపెట్టె మాస్టారు, తిరుపతి

నీది రైటు. గిన్నె పొంగదు, పాలు పొంగుతాయి. లోపల ఉన్నదానికి గిన్నె పేరు పెట్టడం మెటానమీలో పాతకాలపు రకం, ఏ మంచి గ్రామర్ పుస్తకంలోనైనా ఉంటుంది. ఆ పేజీ ఒకటి జెరాక్స్ తీసి చూపించు, షాపు నీ చేతిలోనే ఉంది కదా. అసలు పరీక్షలో ఇట్లా వస్తే మాత్రం ప్రిలిమినరీ కీ వచ్చినప్పుడు గడువులోపల అబ్జెక్షన్ పెట్టు, బద్ధకించకు.

నాలుగో టేబులు బిల్లు కట్టడానికి వచ్చి నిలబడి ఉంది. ఉంటాను.